చీటీ మీద తేదీ

ఆ నెల నా తేదీ సబ్బునీళ్ళలో కలిసిపోయింది. మళ్ళీ ఎప్పుడు రావాలో డాక్టరుగారు రాసిచ్చిన ఓపీ చీటీ చొక్కా జేబులో ఉండిపోయింది, చొక్కా బకెట్లోకి వెళ్ళింది. ఉండచుట్టుకుపోయిన కాగితాన్ని మా ఆవిడ అరచేతిలో పెట్టుకొచ్చి "ఏటండీ ఇది?" అనడిగితే, "ఏదో పాత కాగితంలే" అనేశాను. అబద్ధమాడినందుకు సిగ్గు వేయలేదు సరికదా, లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. చీటీయే పోయాక ఇక వెళ్ళేదేముంది?

ఆ హాయిని నేను తర్వాత చాలాసార్లు గుర్తుపట్టాను. బస్సు తప్పినప్పుడు, వాన పట్టినప్పుడు, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు అదే హాయి. ఈ అధ్యాయం దాని గురించే.

నాకు జబ్బులు రెండు. ఒకటి షుగరు. రెండోదాన్ని డాక్టర్లు బైపోలార్ అంటారు. మా రావికమతంలో ఎదురుగా 'నరాల వీక్‌నెస్' అంటారు, వెనకాల ఇంకో మాట అంటారు. రెండింటికీ మందులు ఏళ్ళ తరబడి వాడాలన్నారు. మింగడం తొందరగానే అలవాటైంది. తేదీకి వెళ్ళడమే అలవాటు కాలేదు. భీమిలి నుంచి నర్సీపట్నం వెళ్ళే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. పడమటికి బస్సెక్కితే షుగరు డాక్టరు, తూర్పుకి ఎక్కి వడ్డాది, చోడవరం దాటుకుంటూ విశాఖపట్నం చేరితే మనసు డాక్టరు. ఆ రోడ్డు గుంతల సంగతి ఈ మండలంలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అదే చీమలపాడు వైపు కొండల మీద గూడేల్లో ఉండేవాళ్ళకైతే రోడ్డు చేరేసరికే సగం రోజు పోతుంది. వాళ్ళ ముందు నా కష్టం చిన్నదే, కానీ తేదీ తప్పడానికి చిన్న కష్టం చాలు.

ఎందుకు తప్పుతామో ముందు ఒప్పుకుందాం. మనసు కుంగిన రోజుల్లో స్నానం చేయడమే కొండెక్కినంత పని. ఉరవడిగా ఉన్న రోజుల్లో 'నాకేం జబ్బు, గుర్రంలా ఉన్నాను' అనిపిస్తుంది. మామూలుగా ఉన్న రోజుల్లో, బాగానే ఉన్నాను కదా, ఒక రోజు కూలి పోగొట్టుకుని పోవడం దేనికి అనిపిస్తుంది. అంటే మూడు రకాల రోజులకీ మూడు రకాల సాకులు సిద్ధంగా ఉన్నాయి. షుగరు ఇంకా మాయదారిది. నొప్పి పెట్టదు, పిలవదు. మూడు వందలున్నా మనిషి మామూలుగా తిరిగేస్తాడు, కాస్త నీరసం అనుకుంటాడు. ఆ నీరసం షుగరుదా, దిగులుదా, రాత్రి వేసుకున్న బిళ్ళదా? మూడూ కలిసిందా? ఇంట్లో కూర్చుంటే తేలదు.

ఈ రెండు జబ్బులకీ చుట్టరికం ఈనాటిది కాదు. 17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు తీపి మూత్రం జబ్బుకి దీర్ఘకాలపు దుఃఖం ఒక కారణమని రాశాడు. కారణం అలా తేల్చేయలేమని ఇప్పటి వైద్యం అంటుంది గానీ, షుగరున్నవాళ్ళలో దిగులు జబ్బు మిగతావాళ్ళకన్నా ఎక్కువని మాత్రం ఒప్పుకుంటుంది. మందుల వైపు నుంచీ ఒక ముడి ఉంది. ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు మనసుని నిలబెడతాయి గానీ ఆకలి పెంచుతాయి, బరువు పెంచుతాయి, కొందరిలో షుగరు తెస్తాయి. భయపడి మానేయమని కాదు. ఆ మందు రాసిన డాక్టరు షుగరూ చూడాలి, షుగరు డాక్టరుకి ఆ మందు సంగతి తెలియాలి. తేదీకి వెళ్ళకపోతే ఈ రెండూ జరగవు.

2019లో స్కాట్లండులో లక్షలమంది రికార్డులు తీసి చూసిన ఒక అధ్యయనం వచ్చింది. దీర్ఘకాలపు మానసిక సమస్యలున్నవాళ్ళలో ఏడాదికి రెండుకన్నా ఎక్కువ తేదీలు తప్పినవాళ్ళకి, ఒక్కటీ తప్పనివాళ్ళతో పోలిస్తే, చనిపోయే ముప్పు ఎనిమిది రెట్లకు పైగా ఉందని అందులో తేలింది. తేదీ తప్పడమే చంపిందని దీని అర్థం కాదు. ఎక్కువ జబ్బు పడ్డవాళ్ళే ఎక్కువ తేదీలు తప్పుతారు. నాకు అందులో అర్థమైంది ఇంకొకటి: తేదీ తప్పిన మనిషిని తిట్టి ఊరుకోకూడదు, వెతుక్కుంటూ వెళ్ళాలి. మన దగ్గర అలా వెతికేవాళ్ళు తక్కువ కాబట్టి, మనల్ని మనమే వెతుక్కునే ఏర్పాటు చేసుకోవాలి.

మొహం చెల్లని రెండో తేదీ

సబ్బునీళ్ళలో చీటీ పోయిన నెల నాకేమీ కాలేదు. కొసరు బిళ్ళలున్నాయి, వేసుకున్నాను. అసలు దెబ్బ ఆ తర్వాతి నెల తగిలింది. వెళ్ళాలనే అనుకున్నాను, కానీ 'పోయిన నెల ఏమయ్యావు?' అని అడిగితే ఏం చెప్పాలి? ఆ ప్రశ్న తలుచుకునే బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. మూడో నెలకి ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది. నాలుగో నెల నన్ను నా కాళ్ళమీద కాదు, నలుగురు పట్టుకుని తీసుకెళ్ళారు.

ఒక్క తేదీ తప్పడం మతిమరుపు, వాన, పండగ, ఏదైనా కావచ్చు. రెండోది తప్పడానికి కారణం దాదాపు ఎప్పుడూ సిగ్గే. నన్నడిగితే మొదటిది తప్పకుండా చూసుకోవడానికి పెట్టే శ్రమలో సగం, తప్పాక మర్నాడే వెళ్ళడానికి పెట్టాలి. దానికి ఒక వాక్యం ముందే నోటికి రావాలి. నాది ఇది: "పోయిన తేదీకి రాలేకపోయానండి. బిళ్ళలు ఫలానా రోజు నుంచి లేవు." అంతే. ఎందుకు రాలేదో కథ చెప్పొద్దు. కథ అల్లుతూ కూర్చుంటే వెళ్ళబుద్ధి కాదు. డాక్టరుకి కావాల్సింది కూడా ఎన్ని రోజులు మందు మానేశామన్నదే. దాన్నిబట్టి మోతాదు మారుతుంది. క్లోజపిన్ రెండు రోజులకు మించి ఆగితే, మళ్ళీ పాత మోతాదులో సొంతంగా మొదలుపెట్టకూడదు, తక్కువ నుంచి ఎక్కించుకుంటూ రావాలి. అందుకే రోజుల లెక్క నిజం చెప్పాలి.

ఒకచోట, పేరెందుకు లెండి, చీటీ రాసే కుర్రాడు "ఏటి, ఇప్పుడు గుర్తొచ్చామా?" అన్నాడు. వెనక లైన్లో నలుగురు నవ్వారు. చెవులు కాలిపోయాయి. అయినా ఆ నవ్వు నిమిషంలో ఆగింది, నా చీటీ నాకొచ్చింది. తిట్టు ఖరీదు అంతే, మానేస్తే అయ్యే ఖరీదుతో పోల్చుకుంటే చవక.

సిగ్గుకి ఇంకో కొమ్మ ఉంది. బస్సులో తెలిసినవాళ్ళు తగిలితే "ఎక్కడికి బాబూ?" అంటారు. హైదరాబాదులో ఎర్రగడ్డ పేరెత్తి ఎలా వెక్కిరిస్తారో, మా వైపు వాల్తేరు పేరుతో అలా వెక్కిరిస్తారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉండబట్టే. నేను చాలాకాలం జవాబు దొరక్క ఒక స్టాపు ముందే దిగి నడిచేవాణ్ణి. ఇప్పుడు "షుగరు చూపించుకోడానికి" అంటాను. షుగరు పరువైన జబ్బు మరి! దాని పేరు చెబితే ఎదుటివాళ్ళు తమ షుగరు ఎంతుందో చెప్పడం మొదలుపెడతారు, ప్రయాణం తెలియకుండా గడిచిపోతుంది. అబద్ధమూ కాదు. మన జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో మనిష్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మనకిచ్చింది. అయితే ఈ ముసుగు బస్సులో వాళ్ళకే. షుగరు డాక్టరు దగ్గర 'నరాల బిళ్ళలు ఏవో వాడుతున్నానండి' అని దాటేయకండి. అట్ట తీసి చూపించండి.

బాగున్న రోజు చేసే పని

తేదీ నాడు మనకి ఓపిక ఉంటుందో లేదో తెలియదు. అందుకని ఓపిక అక్కర్లేని విధంగా ముందే సర్దిపెట్టాలి. బాగున్న రోజు మనిషి బాగోలేని రోజు మనిషికి చేసే సాయం ఇది.

మొదటి పని ఆసుపత్రిలోనే. డాక్టరు తేదీ రాయబోతుంటే ఒక్క క్షణం ఆపి, ఆ రోజు ఏమిటో చూసుకోవాలి. పెద్దపండగ వారమా? కొత్త అమావాస్యకి ఊళ్ళో తీర్థమా? చెరకు నరికి గానుగాడే రోజులా? మంగళవారం ప్రయాణం వద్దని ఇంట్లో పెద్దవాళ్ళు అడ్డుపడతారా? నాకు వారాల పట్టింపు లేదు, మా అమ్మకుంది. ఆవిడతో వాదించడంకన్నా బుధవారం రాయించుకోవడం తేలిక. పండగకి పదిరోజుల ముందు వెళ్తే మరో మేలు. అరిసెల మీదికి వెళ్ళేముందే షుగరు ఎంతుందో తెలుస్తుంది.

రెండోది తేదీ కాదు, లెక్క. బిళ్ళలు ఏ రోజుతో అయిపోతాయో చూసి, దానికి వారం ముందు తేదీ అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖపట్నం వైపు రోడ్లన్నీ చెట్లు కూలి మూసుకుపోయాయి. ఆ రోజు బిళ్ళ ఒక్కటే మిగిలినవాడి గతి ఏమిటి? మన తీరంలో అక్టోబరు, నవంబరు అంటే తుఫానుల కాలం. వారం రోజుల మందు ఇంట్లో ఎప్పుడూ కొసరుగా ఉండాలి. పిల్లలకి అందకుండా, పెట్టెలో. ఇన్సులిన్ అయితే చల్లగా ఉండే చోట, కానీ గడ్డకట్టకూడదు. ఒక మాట మాత్రం చెప్పాలి: చచ్చిపోవాలన్న ఆలోచనలు వచ్చే మనిషైతే ఆ కొసరు మందు ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉండాలి.

తేదీని మూడు చోట్ల రాయండి. గోడమీది క్యాలెండరులో గుండ్రం చుట్టండి, ఫోనులో అలారం పెట్టండి, ఇంకొక మనిషికి చెప్పండి. చీటీని అదే రోజు ఫోటో తీయండి, బట్టలుతికేవాళ్ళని తర్వాత అనుకోనక్కర్లేదు. రాసేటప్పుడు 'నర్సీపట్నం వెళ్ళాలి' అని రాస్తే చాలదు. 'బుధవారం, మొదటి బస్సు, అమ్మవారి గుడి దగ్గర ఎక్కాలి' అని రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే తేల్చుకుంటే చేసే అవకాశం పెరుగుతుందని మనస్తత్వశాస్త్రంలో పీటర్ గోల్విట్జర్ లాంటివాళ్ళు పరిశోధించి చెప్పారు. మన పెద్దలు పెళ్ళికి ముహూర్తం, బండి, తోడు అన్నీ ముందే కుదుర్చుకునేది ఇందుకే కదా.

మూడో పని తేదీలు కలపడం. రెండు వైపులా తిరగలేకపోతే ఊరుకోవద్దు, అడగండి. నెలనెలా అవే మందులు కొనసాగుతుంటే దగ్గరి ఏరియా ఆసుపత్రిలో తీసుకోవచ్చా? మానసిక వైద్యులు అక్కడికి ఏ రోజు వస్తారు? దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది ఇందుకే, పెద్దాసుపత్రి ఒక్కటే దిక్కు కాకూడదని. 2017 చట్టం, ఇది 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఉచితంగా ఇవ్వాలంది. ప్రతిచోటా ప్రతిరోజూ స్టాకు ఉంటుందని నేను పూచీ పడను. అడిగే హక్కు ఉందని తెలిస్తే అడిగే గొంతు మారుతుంది.

ముందు రోజు రాత్రి

సంచి సర్దండి. చీటీలు, ఆధార్, వాడే మందుల అట్టలు అన్నీ, షుగరు రాసుకునే పుస్తకం, నీళ్ళ సీసా, తినడానికి ఏదైనా, మూడు చెంచాల పంచదార పొట్లం. అనకాపల్లి బెల్లం ముక్కైనా సరే. మాడుగుల హల్వా మాత్రం కాదు. పక్కూరి హల్వా అంటే నాకూ ఇష్టమే, కానీ నెయ్యి అంతగా ఉన్నది తింటే షుగరు రక్తంలోకి నిదానంగా ఎక్కుతుంది. పడిపోయినప్పుడు నిదానం పనికిరాదు. చెమటలు, వణుకు, గుండె దడ వచ్చాయంటే దిగులు వల్ల వచ్చే భయమో, షుగరు పడిపోవడమో పైకి తెలియదు, రెండూ ఒకేలా ఉంటాయి. మీటరుంటే చూడండి. 70 కన్నా తక్కువైతే పంచదార వేసుకుని పావుగంటలో మళ్ళీ చూడండి. మీటరు లేకపోతే పంచదారే ముందు. ఉత్త భయమైతే ఆ పంచదారతో పెద్దగా పోయేదేమీ లేదు.

'పరగడుపున రావాలా?' అని చాలామంది అడగరు. అడగండి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు, తినేసి వెళ్ళవచ్చు. ఖాళీ కడుపుతో చేసే పరీక్షయితే, తినేదాకా షుగరు బిళ్ళ, ఇన్సులిన్ సంగతి ఏం చేయాలో ముందు నెలే డాక్టరుని అడిగి చీటీ మీద రాయించుకోండి. మందు వేసుకుని తినకుండా బస్సెక్కితే దారిలోనే పడిపోతారు. మనసు జబ్బుకి లిథియం వాడేవాళ్ళకి రక్తం, బిళ్ళ వేసుకున్న 12 గంటల తర్వాత తీయాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే పొద్దున్న తొమ్మిదికి. పొద్దున్న పూట బిళ్ళ ఉంటే రక్తం ఇచ్చాకే. ఈ ఒక్కటి తెలియక నేను రెండుసార్లు ఊరికే రక్తం ఇచ్చొచ్చాను.

తెల్లవారుజామున లేవలేననే భయంతో రాత్రి బిళ్ళ మానేయకండి. నిద్ర చెడితే నాలాంటివాడికి మర్నాడు ఉరవడి మొదలవుతుంది. బిళ్ళ గంట ముందుగా వేసుకోవచ్చా అని అడగండి, లేపడానికి ఒక మనిషిని పెట్టుకోండి. అలారాన్ని నొక్కేసి పడుకోవచ్చు, మా ఆవిడని నొక్కేయలేను.

తోడు మాట వచ్చింది కాబట్టి: 2017 చట్టం ప్రకారం మన తరఫున మాట్లాడే ప్రతినిధిని మనమే ఎంచుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలు. బాగున్న రోజే రాసిపెట్టుకోవాలి. ఇంట్లో ఎవరూ కుదరకపోతే మీ వీధి ఆశా కార్యకర్తకి చెప్పి చూడండి. "అక్కా, బుధవారం నన్నొకసారి కేకెయ్" అంటే కాదనేవాళ్ళని నేను చూడలేదు.

డాక్టరుగారి ఎదురుగా

ఉండేది రెండు మూడు నిమిషాలు. అప్పుడు అన్నీ మర్చిపోతాం, బయటికొచ్చి చెట్టుకింద కూర్చున్నాక గుర్తొస్తాయి. కాబట్టి చీటీ వెనక మూడు ముక్కలు: నిద్ర ఎలా ఉంది, ఏ మందు ఎన్నిసార్లు తప్పింది, ఈసారి అడగాల్సిన ఒక్కటి. నా ఒక్కటి మారుతూ ఉంటుంది. ఒకసారి బరువు. ఒకసారి పాదంలో తిమ్మిరి. ఏడాదికొకసారి కంటి తెర, పాదాలు, మూత్రంలో ప్రొటీను చూశారా అన్నది. కంట్లో చుక్కలు వేసి చూసే రోజు చూపు గంటల తరబడి మసకగా ఉంటుంది, ఆ రోజు బండి నడపకూడదు, తోడు తప్పదు.

వెళ్ళలేని రోజు

అన్నీ సర్దినా లేవలేని రోజు వస్తుంది. అప్పుడు రెండే దారులున్నాయనుకోవద్దు, వెళ్ళడం, మానేయడం అని. మధ్యలో మెట్లున్నాయి. చీటీ, పాత అట్టలు ఇచ్చి ఇంట్లోవాళ్ళని పంపితే చాలాచోట్ల అదే మందు కొద్దిరోజులకి ఇస్తారు. షుగరు, బీపీ చూపించుకోడానికి ఊళ్ళోని ఆరోగ్య కేంద్రం ఉంది, 104 బండి వచ్చే రోజుంది. మంచం మీంచి లేవలేకపోతే ఫోనందుకుని 14416 నొక్కండి. అది టెలిమానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీపగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి నేను ఫోను చేసి ఏమీ మాట్లాడలేక పెట్టేశాను. రెండోసారి "ఆసుపత్రికి వెళ్ళబుద్ధి కావట్లేదండీ" అన్నాను, అక్కణ్ణుంచి వాళ్ళే అడిగారు.

ఈ మెట్లు సరిపోని రోజులూ ఉన్నాయి. మనిషి తెలివితప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108 పిలవాలి. షుగరు బాగా పెరిగి వాంతులు, ఆయాసం వస్తే అంతే. లిథియం వాడే మనిషికి విరేచనాలు పట్టి చేతులు వణికి మాట ముద్దయితే తేదీ దాకా ఆగకూడదు. ఎండాకాలంలో పొలంలో ఒళ్ళు ఎండిపోయినా, ఒంటినొప్పులకని దుకాణంలో ఏవో బిళ్ళలు కొనుక్కు మింగినా ఒంట్లో లిథియం పెరిగిపోతుంది. చనిపోవాలనిపిస్తే కూడా తేదీ కోసం చూడొద్దు. ఆ క్షణమే పక్కనున్నవాళ్ళతో చెప్పండి, ఒంటరిగా ఉండకండి, 14416కో 108కో చేయండి.

ఇది రాస్తూ మధ్యలో లేచి డబ్బా విప్పి చూశాను. రాత్రి బిళ్ళలు పదకొండు ఉన్నాయి. తేదీకి ఇంకా నాలుగు రోజులు. క్యాలెండరులో గుండ్రం చుట్టిన బుధవారం పక్కన మా ఆవిడ పెన్సిలుతో ఏదో రాసింది. దగ్గరికెళ్ళి చూస్తే 'చొక్కా జేబులు' అని ఉంది.